హిందూపురం నుంచి వారం వారం ఒక ఉత్తరం

ప్రతి శుక్రవారం పొద్దున ఆరింటికి నా ఉత్తరం బయల్దేరుతుంది. కాగితం లేదు, స్టాంపు లేదు, ఈమెయిల్‌లోనే పోతుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఆ వారం ఏం జరిగింది, ధర్మవరంలో మగ్గాల పరిస్థితి ఎట్లుంది, పెనుకొండ పక్కన కార్ల ఫ్యాక్టరీ వచ్చాక చుట్టూ పల్లెల్లో ఎవరికి పని దొరికింది, ఎవరికి దొరకలేదు, ఇవే అందులో విషయాలు. నా ఉత్తరాల కోసం ఏడాదికి ఇంతని చందా కట్టేవాళ్లున్నారు. నా ఇల్లు గడిచేది ఆ చందాతోనే.

"నెట్లో అన్నీ ఊరికే వస్తాంటే నీకెందుకు దుడ్లు కడతారు పెద్దమ్మా?" అని మా మరిది కొడుకు అడిగాడు. వాడికి చెప్పిన జవాబునే కాస్త విడమరిచి రాస్తున్నాను. ఎందుకంటే వాడిలా తెలుగు బాగా రాయగల పిల్లలు, జీతం సరిగా అందక పని మానేసిన విలేఖరులు, రిటైరై ఖాళీగా ఉన్న టీచర్లు మన సత్యసాయి జిల్లాలో ఊరికి నలుగురైనా ఉంటారు. వాళ్లకు తెలిసినది ఇంకెవరికీ తెలియదు. అది వాళ్లకు అన్నం పెట్టగలదని నా గట్టి నమ్మకం.

పాఠకుడి చందా మీద ఒక మనిషి పత్రిక నడపడం మనకు కొత్త సంగతి కాదు. 1926లో అనంతపురంలో పప్పూరి రామాచార్యులు 'శ్రీ సాధన పత్రిక' అనే వారపత్రిక పెట్టారు. అప్పటిదాకా దత్తమండలాలన్న ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు ఖాయమైంది 1928లో నంద్యాల సభలో. అంటే ఈ ప్రాంతానికి ఆ పేరు రాకముందే ఇక్కడి గొంతు వినిపించడానికి ఇక్కడొక పత్రిక ఉంది. మద్రాసు పత్రికల్లో అనంతపురం వార్తకు చోటు దొరకడం కష్టమైన రోజులవి. తన ఊరి సంగతి తన ఊరివాళ్లకే రాస్తే చదువుతారని ఆయన నమ్మారు. ఆ రామాచార్యులే తర్వాత ధర్మవరం నుంచి శాసనసభకు కూడా ఎన్నికయ్యారు. మా ధర్మవరంలో ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియదు. తెలియాలి.

అందరి పత్రికలూ నిలబడలేదు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెడితే అది ఏడాదికే ఆగిపోయింది. అదే కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక దశాబ్దాలు బతికింది. దాని వెనుక 1893 నుంచి అమ్ముడవుతున్న, ఆయనే పెట్టిన నొప్పుల మందు అమృతాంజనం ఉంది. గిడుగువారి వెనుక అలాంటి సీసా లేదు. కాగితం, అచ్చు, తపాలా, ఈ మూడూ చందా డబ్బును తినేసేవి. ప్రతి కొత్త చందాదారుడితో రాబడి పెరిగేది, ఖర్చు కూడా వెంటే పెరిగేది. ఆ తర్వాత వచ్చిన చిన్న పత్రికలు చాలా జీవిత చందా అనే పద్ధతిలో చిక్కుకున్నాయి. ఒక్కసారి కొంత మొత్తం తీసుకుని, పాఠకుడు ఉన్నన్నాళ్లూ పత్రిక పంపాలి. పదేళ్లకు ఆ డబ్బు ఉండదు, పంపే బాధ్యత మాత్రం ఉంటుంది. ఈమెయిల్ రాసేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎవరెంత ముచ్చటపడి అడిగినా నేను జీవిత చందా తీసుకోను.

ఈమెయిల్ వచ్చి ఆ మూడు ఖర్చులనూ దాదాపు తుడిచేసింది. అయినా చాలాకాలం ఎవరూ దాన్ని జీవనాధారంగా చూడలేదు. 1990ల్లోనే అమెరికా తెలుగువాళ్లు, రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ చేసిన లిప్యంతరీకరణ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు ఉత్తరాలు రాసుకున్నారు. అదంతా ఇష్టంతో చేసిన పని, డబ్బు ప్రసక్తి లేదు. దారి మార్చినవాడు బెన్ థాంప్సన్ అనే అమెరికన్. అతను తైవాన్‌లో ఉంటూ 'స్ట్రాటెకరీ' పేరుతో సాంకేతిక కంపెనీల వ్యాపారం గురించి ఒక్కడే రాసేవాడు. 2014లో నెలకు పది డాలర్లు కట్టినవాళ్లకు రోజూ ఈమెయిల్ పంపుతానన్నాడు. కట్టారు. అది చూసి 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముగ్గురు కలిసి సబ్‌స్టాక్ అనే కంపెనీ పెట్టారు. రాసేవాడు రాస్తాడు, చందా వసూలు, పంపిణీ వాళ్లు చూస్తారు, రాబడిలో పది శాతం తీసుకుంటారు. డబ్బు కట్టే చందాలు 2021 నవంబరుకు పది లక్షలు దాటాయని, 2025 మార్చికి యాభై లక్షలయ్యాయని ఆ కంపెనీ ప్రకటించింది. మనకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో 2016లో మొదలైన 'ది కెన్' అనే వెబ్ పత్రిక ప్రకటనలను నమ్ముకోకుండా, రోజుకు ఒకే ఒక్క వ్యాసం ఇచ్చి చందా అడిగింది. మనవాళ్లు చదవడానికి డబ్బు కట్టరన్న మాట తప్పని అక్కడ తేలిపోయింది.

సరే, హిందూపురంలో కూర్చుని ఏం రాయాలి? నేను పుట్టింది ధర్మవరంలో, మా నాన్న మగ్గం నేసేవాడు. మెట్టింది హిందూపురం. మధ్యలో అనంతపురంలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. అక్కడ రోజూ వచ్చే ధరల పట్టికను సరిదిద్దేదాన్ని. పట్టుగూళ్లు కిలో గరిష్ఠం ఇంత, కనిష్ఠం ఇంత. చింతపండు కరిపులి రకం ఇంత, ఫ్లవర్ రకం ఇంత. దానికి రెండు అంగుళాల చోటు ఉండేది, అంతకు మించి అక్షరం పడేది కాదు.

మార్కెట్లోకి వెళ్లి చూస్తే ఆ రెండు అంగుళాల వెనుక ఒక లోకం ఉంది. రైతులు గూళ్లను లాట్లుగా పోసి పక్కన నిలబడతారు. గూళ్ల నుంచి పట్టుదారం తీసే రీలరు వచ్చి గుప్పెడు గూళ్లు తీసుకుంటాడు. ఒక్కో గూడును వేళ్ల మధ్య నొక్కి గట్టిదనం చూస్తాడు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. లోపలి పురుగు గలగలమంటే గూడు బాగున్నట్టు. చప్పుడు లేకపోతే పురుగు లోపలే చచ్చి గోడకు అంటుకుందేమోనని అనుమానం. రైతు కళ్లు మాత్రం ఆ వేళ్ల మీదే ఉంటాయి. మంచి బైవోల్టిన్ రకం గూళ్లయితే ఆరేడు కిలోల నుంచి ఒక కిలో ముడిపట్టు వస్తుంది. వానకు తడిసినా, గూడు పలచబడినా అదే కిలో పట్టుకు ఇంకా ఎక్కువ గూళ్లు పోయాలి. ఆ తేడా అంతా రైతు రేటులోనే కోత పడుతుంది.

ఒక రీలరు భాయ్ నాతో అన్నమాట నా పనికి పునాది అయింది. "రేటు పేపర్లో వస్తాది మేడం, ఫోన్లో వస్తాది. ఎందుకు దిగిందో యాడా రాదు." ఆ 'ఎందుకు' రాయడమే నా ఉత్తరం. మూఢం వచ్చి ముహూర్తాలు ఆగితే ధర్మవరంలో సిల్కు షాపుల వాళ్లు మగ్గాలకు ఇచ్చే వార్పులు, అంటే పడుగులు, తగ్గిస్తారు. అక్కడ పట్టు కదలకపోతే హిందూపురంలో రీలరు చేతిలో సరుకు నిలిచిపోతుంది. సరుకు నిలిచినవాడు వేలంలో చెయ్యి ఎత్తడు. కర్ణాటకలో రామనగరం మార్కెట్‌కు గూళ్లు ఎక్కువగా దిగితే ఆ దెబ్బ రెండో రోజుకు ఇక్కడ తెలుస్తుంది. ఢిల్లీలో 2021 బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకాన్ని పది నుంచి పదిహేను శాతానికి పెంచితే, చైనా పట్టు ఖరీదై మన గూటికి కొంచెం ఊపిరి వచ్చింది. ఇవన్నీ ఒక్కచోట, తేలిక తెలుగులో, తేదీ తప్పకుండా ఇచ్చేవాళ్లు లేరు. లేనిదాన్ని ఇస్తే కొంటారు. హైదరాబాద్‌లో కూర్చుని సినిమా గురించి, రాజకీయం గురించి రాస్తే మీ పక్కన వెయ్యిమంది రాస్తుంటారు. చిన్న ఊరు, చిన్న విషయం, ఇంకెవరూ పట్టించుకోనిది దొరికితే అది వదలకూడదు. ఈ విషయంలో హిందూపురంవాడు హైదరాబాద్‌వాడి కంటే ఒక మెట్టు పైనే ఉన్నాడు.

చదివేవాళ్లు ఎవరన్నది రెండో ప్రశ్న. హిందూపురం జనాభా 2011 లెక్కల్లోనే లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేలకు పైన. కానీ గూళ్లు పెంచే రైతు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడు ఈమెయిల్ తెరవరు. వాళ్ల ఫోన్లో జీమెయిల్ ఉండేది ఫోన్ కొన్నప్పుడు షాపువాడు పెట్టాడు కాబట్టే. నా ఉత్తరాన్ని చదివి చందా కట్టేవాళ్లు వేరు. ఇక్కడ పుట్టి బెంగళూరులో, డల్లాస్‌లో ఉన్నవాళ్లు, బెంగళూరు చెన్నైలలో పట్టుచీరల వ్యాపారులు, రీలింగ్ యూనిట్లకు అప్పులిచ్చే బ్యాంకువాళ్లు, చేనేత మీద పరిశోధన చేసే విద్యార్థులు. కొందరికి ఇది వ్యాపారానికి పనికొచ్చే సమాచారం, కొందరికి పుట్టిన ఊరి మీద మమకారం. రెండూ డబ్బు కట్టించే కారణాలే. ఒకే ఉత్తరంలో రెంటికీ చోటిస్తాను.

పెనుకొండ మీద రాసినవి ఊరు విడిచినవాళ్లే ఎక్కువ చదువుతారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరది. కొండ, కోట, గగన్‌మహల్ చూసుకుంటూ శతాబ్దాలు నిద్రపోయినట్టే ఉన్న ఊరి పక్కకు, ఎర్రమంచి దగ్గరికి, 2017 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందంతో కియా ఫ్యాక్టరీ వచ్చింది. 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన ఫ్యాక్టరీ. ఆ వార్త అందరూ రాశారు. ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే యూనిట్లలో ఐటీఐ చదివిన మన పిల్లలు ఏ షిఫ్టులో ఏం పని చేస్తున్నారు, కాంట్రాక్టు ముగిశాక ఏమవుతున్నారు, కొరియావాళ్ల కోసం వెలసిన హోటళ్లలో ఎవరు వండుతున్నారు, ఇవి రాసేవాళ్లు తక్కువ. నేను రాస్తాను.

ఇక చదివేవాళ్ల సంఖ్య ఎలా పెరుగుతుంది? నా అనుభవంలో ఒక్క మంచి ఉత్తరం చేసే పని నెల రోజుల ప్రచారం చేయదు. పట్టుచీరను ఎలా పరీక్షించాలో రాసిన ఉత్తరం అలాంటిదే. చీర చివర వదిలిన పడుగు పోగుల నుంచి ఒక్క పోగు లాగండి. అగ్గిపుల్ల చూపండి. అసలు పట్టయితే మెల్లగా కాలుతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిదను వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. పేక పోగును కూడా విడిగా చూడాలి, పడుగు పట్టుదై పేక వేరేదైన చీరలు ఉన్నాయి కాబట్టి. పట్టు అని తేలినంత మాత్రాన చేనేత అని కాదు. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల నేతను మగ్గానికే కేటాయించింది. అయినా మరమగ్గం మీద దించిన చీర చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉంది, ఇక్కడ నేతగాడి కూలి పడిపోతూనే ఉంది. సిల్క్ మార్క్ లేబుల్ పట్టుకు హామీ, హ్యాండ్లూమ్ మార్క్ నేతకు హామీ, రెండూ వేర్వేరు. ఆ ఉత్తరాన్ని పెళ్లిళ్ల ముందు ఆడవాళ్లు ఒకరికొకరు పంపుకున్నారు. అట్లా వచ్చిన వాళ్లలో ఎందరో ఇప్పటికీ ఉన్నారు.

ఆ ఉత్తరం అందరికీ ఉచితం. ఇది ముఖ్యం. శుక్రవారం ఉత్తరం ఎవరైనా చదవచ్చు. మంగళవారం ఇంకొకటి వస్తుంది, అది చందాదారులకే. మార్కెట్ మీద లోతైన విశ్లేషణ, ఎవరైనా ప్రశ్న పంపితే దానికి ఫోన్లు చేసి, ఆఫీసుల చుట్టూ తిరిగి కనుక్కున్న జవాబు అందులో ఉంటాయి. ఉచిత ఉత్తరం బాగుంటేనే రెండోది కొంటారు. మంచిదంతా డబ్బు కట్టినవాళ్లకే దాచి, మిగిలినది ఉచితంగా పెట్టేవాళ్లు ఎక్కువకాలం నిలవరు.

మన దగ్గర అందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు కదా, అక్కడే రాయొచ్చు కదా అంటారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికే చోటు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. ఛానెల్ పెడితే ఎంతమందైనా వస్తారు, కానీ వాళ్లెవరో మీకు తెలియదు, వాళ్ల నంబర్లు మీ దగ్గర ఉండవు. ఫేస్‌బుక్, యూట్యూబ్ సంగతీ అంతే. రేపు ఆ కంపెనీ నియమం మారిస్తే మీ పాఠకులు మీవాళ్లు కారు. ఈమెయిల్ చిరునామాల జాబితా మాత్రం ఒక ఫైలు. ఈరోజు ఒక సంస్థ ద్వారా పంపుతున్నారు, రేపు ఇంకో సంస్థకు మారినా ఆ ఫైలు మీతో వస్తుంది. రాసేవాళ్ల ఆస్తి అదే. వాట్సాప్‌ను వాకిలిగా వాడుకుని, లోపలికి వచ్చినవాళ్లను ఈమెయిల్ అడగాలి. అడిగి తీసుకోవాలి. పెళ్లి శుభలేఖల జాబితానో, పాత విద్యార్థుల సంఘం జాబితానో తెచ్చి అందరికీ పంపేయడం తప్పు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి ఉండాలనే అంటోంది.

సాంకేతిక విషయాల్లో తెలుగులో రాసేవాళ్లు తప్పక తెలుసుకోవలసినది ఒకటుంది, ఇంగ్లిషు పాఠాల్లో అది దొరకదు. జీమెయిల్ ఒక ఉత్తరం 102 కిలోబైట్లు దాటితే మిగతాది కత్తిరించి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అని చిన్న లింకు పెడుతుంది. ఇంగ్లిషు అక్షరం ఒక బైటు. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, పద్దెనిమిది బైట్లు. కాబట్టి రెండువేల అయిదువందల మాటల వ్యాసం దాదాపు అరవై వేల బైట్లు తింటుంది. దానిమీద రంగులు, బొమ్మల లింకులు, పట్టికల అలంకారం చేరితే ఆ హద్దు దాటిపోతుంది. కత్తిరించిన చోటు కిందే చందా బటన్ ఉంటే అది ఎవరికీ కనిపించదు. అందుకే నేను అలంకారం తగ్గించి, చందా అడిగే మాటను ఉత్తరం మధ్యలోనే పెడతాను.

ఇంకో సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు బిగించాయి. రోజుకు అయిదువేలకు మించి జీమెయిల్ చిరునామాలకు పంపేవాళ్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణలూ పెట్టుకోవాలి, ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలు ఇవ్వాలి, స్పామ్ అని నొక్కేవాళ్లు వెయ్యికి ముగ్గురి దాకా పోకూడదు. మీరు అంతమందికి పంపకపోయినా ఇవన్నీ మొదటి రోజే పెట్టుకోండి. సొంత డొమైన్ పేరుకు పెద్ద ఖర్చేమీ కాదు. కొత్తగా చేరినవాళ్లకు వెళ్లే మొదటి ఉత్తరంలో ఒక ప్రశ్న అడగండి: మీది ఏ ఊరు, ఈ ఉత్తరం ఎందుకు తీసుకున్నారు అని. ఒక్క ముక్క జవాబు రాసినా చాలు, మీ తర్వాతి ఉత్తరాలు ప్రమోషన్స్ డబ్బాలో పడే బెడద తగ్గుతుంది. దానికంటే పెద్ద లాభం, మీ పాఠకులు ఎవరో మీకు తెలుస్తుంది. ఎంతమంది తెరిచారన్న అంకెను మాత్రం పట్టించుకోవద్దు. 2021లో ఆపిల్ తెచ్చిన గోప్యతా పద్ధతి వల్ల తెరవకపోయినా తెరిచినట్టు చూపిస్తుంది. జవాబు రాసినవాళ్లనే లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు దుడ్ల సంగతి. ఏడాది చందా 1,200 రూపాయలనుకోండి. మూడువందల మంది కడితే 3,60,000. చెల్లింపుల గేట్‌వే రుసుము రెండు శాతం, దానిమీద జీఎస్టీ పోగా మూడున్నర లక్షలు మిగులుతాయి. నెలకు ముప్పై వేలకు కొంచెం తక్కువ. హిందూపురంలో ఇంటి అద్దె, పిల్లల ఫీజు కట్టుకుని బతకగల రాబడి. ఉచితంగా చదివేవాళ్లలో నూటికి అయిదు నుంచి పది మంది చందాదారులవుతారన్నది సబ్‌స్టాక్ వాళ్లు చెప్పే లెక్క. అయిదుగురే అనుకుంటే మూడువందల మంది కోసం ఆరువేల మంది ఉచిత పాఠకులు కావాలి. ముగ్గురే అనుకుంటే పదివేలు. నేనైతే ముగ్గురనే లెక్కేసుకుని దిగమంటాను. అది ఆరు నెలల్లో జరగదు. మొదటి రెండేళ్లు ఇంకో పని చేతిలో ఉండాలి. ఉన్న ఉద్యోగం వదిలేసి దూకమని ఎవరికీ చెప్పను.

వసూలు దగ్గర మనకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. సబ్‌స్టాక్ డబ్బు వసూలుకు స్ట్రైప్ అనే చెల్లింపుల సంస్థ మీద ఆధారపడుతుంది. ఆ స్ట్రైప్ 2024 నుంచి భారతదేశంలో తాను పిలిచినవాళ్లకే కొత్త ఖాతా ఇస్తోంది. పైగా 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కార్డు మీద తనంతట తాను కట్ అయ్యే చెల్లింపులకు ముందే నమోదు ఉండాలి, ఒకరోజు ముందు కబురు వెళ్లాలి. ఖాతాదారుడికి అది మంచి రక్షణే, కాదనను. కానీ దానివల్ల విదేశీ వేదికల మీద మనవాళ్ల చందాలు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. కాబట్టి ఇక్కడివాళ్ల కోసం మన దేశపు గేట్‌వే, అందులో యూపీఐ పెట్టుకోవాలి. 2020లో వచ్చిన యూపీఐ ఆటోపే ఉంది, అయినా నాకు నచ్చేది ఏడాదికొకసారి అడిగి కట్టించుకోవడమే. గడువు దగ్గర పడగానే ఆ పాఠకుడి పేరుతో ఉత్తరం రాస్తాను. కొందరు కడతారు, కొందరు వదిలేస్తారు, వదిలేసినవాళ్లు ఎందుకో చెప్తారు. ఆ కారణాలు నాకు చందా కంటే విలువైనవి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆదాయపు పన్ను రిటర్ను సంగతి మాత్రం చూసుకోవాలి. మొదలుపెట్టేటప్పుడే ఆడిటర్‌ను ఒకసారి కలవండి.

చందా అడగడానికి మనవాళ్లకు ఉండే మొహమాటమే అన్నింటికంటే పెద్ద అడ్డం. రాతకు డబ్బు అడిగితే చులకనవుతామని భయం. మగ్గం మీద చీర నేసినవాడు కూలి అడుగుతాడు, ఎవరూ తప్పనరు. వారమంతా తిరిగి, పది మందితో మాట్లాడి, రాత్రి కూర్చుని రాసినది కూడా పనే. ఏం ఇస్తున్నానో, దానికి ఎంతో, ఎందుకంతో సూటిగా చెప్తే పాఠకుడు గౌరవిస్తాడు.

ప్రకటనల ఆశ కూడా వస్తుంది. పెనుకొండ చుట్టూ ప్లాట్లు వేసినవాళ్లు నా జాబితా చూసి వచ్చారు. వాళ్లు ఇస్తానన్న మొత్తం చిన్నది కాదు. తీసుకోలేదు. కార్ల ఫ్యాక్టరీ పేరు చెప్పి అమ్మే భూమి గురించి నిజం రాయవలసినదాన్ని నేనే. ఆ డబ్బు తీసుకుంటే ఆ నిజం రాయలేను. అమృతాంజనంలా పాఠకుడికి హాని చేయని, పత్రిక చెయ్యి పట్టుకుని లాగని ప్రకటన దొరికితే తీసుకోవచ్చు, ప్రకటన అని పైన రాసి మరీ వేయాలి.

ఒక నియమం మాత్రం నాకు చందా కంటే ముఖ్యం. ఎవరి గురించి రాస్తున్నానో వాళ్లకు ఉత్తరం ఊరికే అందాలి. మంగళవారం ఉత్తరంలో మార్కెట్ గురించి రాసినది సంక్షిప్తంగా చదివి, ఫోన్లో రికార్డు చేసి రైతుల, నేతగాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి పంపుతాను. దానికి రూపాయి తీసుకోను. డబ్బు కట్టే చందాదారులు దీనికి ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. దాని కోసమే కడుతున్నామని రాసినవాళ్లు కూడా ఉన్నారు.

కదిరిలో, మడకశిరలో, తాడిపత్రిలో ఉన్నవాళ్లూ, మీ ఊరి మల్లెతోటలో, వక్కతోటలో, బండల పాలిష్ యూనిట్లలో జరిగేది తెలిసినవాళ్లూ, మీలో ఎవరికైనా ఇలాంటి ఉత్తరం మొదలుపెట్టాలని ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి. తెలిసిన ఇరవై మందిని అడిగి చిరునామాలు తీసుకోండి, వారంలో ఒక రోజు పెట్టుకోండి, ఆ రోజు తప్పకండి. మొదటి ఉత్తరం నాకూ ఒకటి పంపండి, మీరు చందా పెట్టిన రోజు మొదట కట్టేదాన్ని నేనే అవుతాను.